48 మిల్లీమీటర్ల చరిత్ర

మన ఇళ్ళల్లో కూలర్ అంటే ఒకటే అర్థం. ఏప్రిల్లో దుమ్ము దులుపుకుని కిటికీ పక్కన చేరి, బకెట్ల కొద్దీ నీళ్ళు తాగి, జూన్లో మళ్ళీ మూలకి వెళ్ళిపోయే పెద్ద పెట్టె. అందుకే, కంప్యూటర్‌కి కూలర్ వెతుకుతున్నానని చెప్తే మా అమ్మ "దానికీ ఉక్కపోస్తుందా?" అంది. పోస్తుంది. కంప్యూటర్లోకి వెళ్ళే కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే బయటికొస్తుంది. మధ్యలో అది ఈమెయిల్ పంపినా, గేములో డ్రాగన్‌ని చంపినా భౌతికశాస్త్రానికి అనవసరం.

నేను కట్టుకుంటున్నది చిన్న గేమింగ్ కంప్యూటర్. ఇలాంటి కేసుల్ని బియ్యం డబ్బాల్లాగా లీటర్లలో కొలుస్తారు. నాది ఏడు లీటర్ల పైచిలుకు. మధ్యలో ఒక గోడ, గోడకి ఒకవైపు గ్రాఫిక్స్ కార్డు, ఇంకోవైపు మదర్‌బోర్డు. ప్రాసెసర్ నెత్తిన కూలర్‌కి మిగిలిన ఎత్తు 48 మిల్లీమీటర్లు, అంటే మూడు వేళ్ళు కలిపి పెట్టినంత. పెద్ద కంప్యూటర్లలో చాలామంది వాడే నాక్టువా ఎన్‌హెచ్-డి15 అనే ఆస్ట్రియా కూలర్ ఎత్తు 165 మిల్లీమీటర్లు, ఫ్యాన్లతో కలిపి బరువు కిలోంపావు పైనే. అది చేసే పనిని మూడు వేళ్ళ మందంలో చేయించాలి.

ఇలాంటప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను. రివ్యూలు చదివాను, గ్రాఫులు పోల్చాను. కానీ చదివేకొద్దీ ఇంకో ప్రశ్న పట్టుకుంది. అసలు కంప్యూటర్‌కి కూలర్ ఎప్పట్నుంచి అవసరమైంది? నా తరం వాళ్ళకి ఫ్యాన్ లేని సీపీయూని ఊహించడమే కష్టం. కానీ ఒకప్పుడు లేదు. ఎందుకు లేదో, తర్వాత ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే కూలర్ ఎంపిక గురించి రివ్యూలు చెప్పని సంగతొకటి తెలుస్తుంది.

చల్లగా ఉన్న రోజులు

మొదట్లో చల్లగా ఏమీ లేదు. 1946లో ఫిలడెల్ఫియాలో లోకానికి చూపించిన ఎనియాక్‌లో 18,000 దాకా వాక్యూమ్ ట్యూబులుండేవి. అది 150 కిలోవాట్ల దాకా కరెంటు లాగేది. గదిలోని వేడిని బయటికి తోలడానికి పెద్ద పెద్ద బ్లోయర్లు పెట్టారు. ట్రాన్సిస్టర్ వచ్చి ఆ కొలిమిని ఆర్పింది. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇదే కథ మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. ఎనియాక్ సమస్యని ఇంకా పెద్ద బ్లోయర్ తీర్చలేదు. తక్కువ వేడితో అదే పని చేసే వస్తువు తీర్చింది.

1965లో గార్డన్ మూర్ తన ప్రసిద్ధమైన వ్యాసంలో, చిప్పులో భాగాలు ఏటేటా రెట్టింపవుతాయని ఊహించినప్పుడు, వేడి సంగతి కూడా ఎత్తాడు. ఇన్ని వేల భాగాలు ఒకే సిలికాన్ ముక్క మీద కూర్చుంటే ఆ వేడిని తీసేయగలమా అని తనే అడిగి, పర్వాలేదు అనే అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. ఆ ధీమాకి లెక్కల ఆధారం 1974లో దొరికింది. ఐబీఎమ్‌లో పనిచేసే రాబర్ట్ డెనార్డ్, అతని సహచరులు ఒక సూత్రం చూపించారు. ట్రాన్సిస్టర్ కొలతలు ఎంత తగ్గిస్తే వోల్టేజీ, కరెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గించవచ్చు. అలా చేస్తే అదే చోటులో ఎన్ని ట్రాన్సిస్టర్లు ఇరికించినా మొత్తం వేడి పెరగదు. ఉచితంగా వేగం. మన రంగంలో ఇంతకంటే పెద్ద వరం ఇంకోటి లేదు.

ఆ వరం ఉన్నంతకాలం ఇళ్ళల్లోకి వచ్చిన కంప్యూటర్లు ప్రశాంతంగానే ఉన్నాయి. 1977లో ఆపిల్ 2 తయారుచేసేటప్పుడు స్టీవ్ జాబ్స్ ఫ్యాన్ వద్దన్నాడు, ఆ చప్పుడంటే పడదు. అప్పుడు రాడ్ హోల్ట్ అనే ఇంజినీరు, పాత పద్ధతి పవర్ సప్లై బదులు చాలా తక్కువ వేడి పుట్టించే స్విచింగ్ పవర్ సప్లై కట్టాడు. ఫ్యాన్ పీకేయలేదు, ఫ్యాన్ అవసరాన్నే తీసేశాడు. ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో 1980లో ఆపిల్ 3 చూపించింది. దాంట్లోనూ ఫ్యాన్ లేదు, కానీ లోపల వేడి ఉంది. చిప్పులు సాకెట్లలో వదులయ్యేవి. మిషన్‌ని కొన్ని అంగుళాలు ఎత్తి బల్ల మీద పడేస్తే సర్దుకుంటాయని సలహా ఇచ్చేవారట. ఆ మోడల్ వైఫల్యానికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, గుర్తుండిపోయింది మాత్రం ఆ సలహానే.

పీసీల వైపు 286, 386 ప్రాసెసర్లు సాధారణంగా ఒట్టి నెత్తితోనే తిరిగేవి. 1992లో 66 మెగాహెర్ట్జ్ 486 వచ్చేసరికి మీద అల్యూమినియం రెక్కలు మొలిచాయి. 1993లో పెంటియమ్ వచ్చేసరికి రెక్కల మీద ఫ్యాన్ ఎక్కింది. ఆ మొదటి పెంటియమ్‌లు ఇంకా 5 వోల్టుల మీదే నడిచేవి. మరుసటి ఏడాది వచ్చినవి 3.3 వోల్టులకి దిగి కాస్త చల్లబడ్డాయి. మళ్ళీ అదే పాఠం. కానీ అప్పటికే వేగం పెంచే పోటీ మొదలైపోయింది, డెనార్డ్ ఇచ్చిన వెసులుబాటునంతా కంపెనీలు మెగాహెర్ట్జ్‌లకింద మార్చేసుకుంటున్నాయి.

మోకాళ్ళ మీద క్షమాపణ

2001లో ఇంటెల్‌కి చెందిన ప్యాట్ గెల్సింగర్ ఒక సదస్సులో చేసిన ప్రసంగం చరిత్రలో నిలిచిపోయింది. ఇదే దారిలో వెళ్తే చిప్పు మీద చదరపు సెంటీమీటరుకి పుట్టే వేడి కొన్నేళ్ళలో అణు రియాక్టర్‌ని, తర్వాత రాకెట్ నాజిల్‌ని, ఆ తర్వాత సూర్యుడి ఉపరితలాన్ని అందుకుంటుందన్నాడు. చెప్పింది బయటి విమర్శకుడు కాదు, ఆ చిప్పుల్ని చేసే కంపెనీ మనిషే. అయినా బండి ఆగలేదు.

2004 ఫిబ్రవరిలో ప్రెస్కాట్ అనే పెంటియమ్ 4 వచ్చింది. ట్రాన్సిస్టర్లు 130 నానోమీటర్ల నుంచి 90కి తగ్గాయి. డెనార్డ్ సూత్రం ప్రకారం చల్లబడాలి. వేడెక్కింది. ట్రాన్సిస్టర్ మరీ చిన్నదైపోతే, ఆపేసినా పూర్తిగా ఆగదు. సరిగ్గా తిప్పినా కారే కుళాయిలాగా కరెంటు కారుతూనే ఉంటుంది. వోల్టేజీ ఇంకా తగ్గిస్తే ఆ కారుడు మరీ ఎక్కువవుతుంది. అంటే వోల్టేజీ ఇక దిగదు, వరం గడువు తీరింది. జనం ప్రెస్కాట్‌కి ప్రెస్‌హాట్ అని పేరు పెట్టారు. ఆ ఏడాది అక్టోబర్లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్‌ని రద్దు చేసింది. దాని అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సభలో సరదాగా మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ అడిగాడు. ఆయన సరదాగానే చేశాడు. నాకు మాత్రం అది ఒక యుగం మోకరిల్లిన దృశ్యంలా కనిపిస్తుంది.

ఆ రోజుల్లో కేసులు, మదర్‌బోర్డుల అమరికనే మార్చేసి గాలి నేరుగా ప్రాసెసర్‌కి తగిలేలా బీటీఎక్స్ అనే కొత్త ప్రమాణం కూడా ఇంటెల్ తెచ్చింది. 2006కల్లా దాన్ని వదిలేసింది. ఎందుకంటే ఆ జులైలో కోర్ 2 డ్యుయో వచ్చింది. మూలం ఇజ్రాయెల్లోని హైఫాలో లాప్‌టాప్‌ల కోసం పనిచేసిన బృందం. లాప్‌టాప్‌లో బ్యాటరీ తక్కువ, చోటు తక్కువ, కాబట్టి వాళ్ళు మొదటి నుంచీ పొదుపుగా ఆలోచించారు. గిగాహెర్ట్జ్ తక్కువ, పని ఎక్కువ, చాలా మోడల్స్ 65 వాట్లలోపే. వేడిని ఎలా మోయాలా అని ఒక జట్టు కొత్త కేసులు గీస్తుంటే, మూలన కూర్చున్న ఇంకో జట్టు మోయాల్సిన బరువునే తగ్గించేసింది.

కుండలోని నీళ్ళు, గొట్టంలోని నీళ్ళు

అలాగని మోసేవాళ్ళని తక్కువ చేయడానికి లేదు. 48 మిల్లీమీటర్లలో ఈరోజు ఏదైనా సాధ్యమవుతుందంటే దానికి కారణం హీట్ పైప్ అనే రాగి గొట్టం.

మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మనకి తెలుసు. కుండ ఒంటికున్న సన్నటి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. కిటికీలకి కట్టి నీళ్ళు చల్లే వట్టివేళ్ళ తడికలదీ అదే కిటుకు. ఒక కిలో నీరు ఆవిరవ్వాలంటే 2,200 కిలోజౌళ్ళ పైన వేడి కావాలి. అంత వేడినీ అది ఎక్కడో ఒకచోటినుంచి తీసుకోవాలి. కాకపోతే కుండలో పోయిన నీరు పోయినట్టే, మళ్ళీ నింపుకోవాలి.

హీట్ పైప్‌లో నీరు బయటికి పోదు. రెండు వైపులా మూసేసిన రాగి గొట్టంలోంచి గాలి తీసేసి, కొద్దిగా నీరు పోస్తారు. లోపల పీడనం లేదు కాబట్టి ఆ నీరు 100 డిగ్రీల దాకా ఆగక్కర్లేదు, గోరువెచ్చగా ఉన్నప్పుడే ఆవిరైపోతుంది. ప్రాసెసర్ దగ్గర ఆవిరై, అవతలి కొసకి పరిగెత్తి, అక్కడ రెక్కల దగ్గర వేడిని వదిలేసి మళ్ళీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకి రాగిపొడితో చేసిన గరుకు పొర ఉంటుంది. దీపంలో వత్తి నూనెని పీల్చినట్టు, ఆ పొర నీటిని మళ్ళీ వేడి కొసకి లాక్కొస్తుంది. మోటారు లేదు, పంపు లేదు. ఒట్టి రాగి కడ్డీ కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని మోస్తుంది.

ఇది రెండుసార్లు పుట్టింది. మొదట 1942లో జనరల్ మోటార్స్‌లో ఆర్. ఎస్. గాగ్లర్ పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు, ఫ్రిజ్‌ల కోసం. కంపెనీ పెద్దగా పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని స్వతంత్రంగా మళ్ళీ కనిపెట్టాడు. ఈసారి లక్ష్యం అంతరిక్షంలో నడిచే అణువిద్యుత్ వ్యవస్థలు. భారరహిత స్థితిలోనూ వత్తి పీల్చుతుంది, కదిలే భాగాలు లేవు కాబట్టి పాడయ్యేదీ లేదు. 1967లో మొదటి హీట్ పైప్ కక్ష్యలోకి వెళ్ళింది. డెబ్భైల్లో అలాస్కా చమురు గొట్టం కింద నేల కరిగిపోకుండా లక్షకి పైగా ఇలాంటి గొట్టాలు పాతారు. తొంభైల్లో లాప్‌టాప్‌లలోకి, అక్కడినుంచి మన డెస్క్ మీదికి వచ్చింది. గేములో ఎవర్నో కాల్చడానికి మనం వాడుతున్నది ఉపగ్రహాల కోసం పెరిగిన పరికరం.

మరి నీటితో నడిచే లిక్విడ్ కూలర్లు? వాటి వంశం కూడా గొప్పదే. సేమూర్ క్రే తన క్రే-1ని 1976లో ఫ్రియాన్‌తో చల్లబరిచాడు. 1985లో క్రే-2ని ఏకంగా ఒక ద్రవంలో ముంచేశాడు. కానీ ఇళ్ళల్లో వాడే లిక్విడ్ కూలర్‌లో నీరు చేసేది మోతపని మాత్రమే, చివరికి వేడిని గాలికి అప్పగించాల్సింది రేడియేటర్ రెక్కలే. ఆ రేడియేటర్‌కి చోటు కావాలి. ఏడు లీటర్లలో ఆ చోటు దాదాపు లేనట్టే, కాబట్టి నా వరకు ఆ చర్చ అక్కడితో సరి.

చిన్న పెట్టె అనే ఆశ

48 అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటే మదర్‌బోర్డు దగ్గరికి వెళ్ళాలి. నా కేసులో పట్టేది మినీ-ఐటీఎక్స్ బోర్డు, 170 మిల్లీమీటర్ల చదరం. దీన్ని 2001లో తైవాన్‌కి చెందిన వయా కంపెనీ తెచ్చింది. వాళ్ళ ఉద్దేశం గేములు కానే కాదు. తక్కువ కరెంటుతో, వీలైతే ఫ్యాన్ లేకుండా నడిచే బుజ్జి యంత్రాలు. అంటే వేడి పుట్టించని చిప్పు కోసం గీసిన చదరం అది. ఈరోజు అదే చదరం మీద 200 వాట్లు దాటే ప్రాసెసర్లు పెట్టుకుంటున్నాం. చిన్న గేమింగ్ కంప్యూటర్ కష్టాలన్నీ ఈ వైరుధ్యంలోంచే పుడతాయి.

ఇది అందమైన వైరుధ్యం కూడా. ఆపిల్ 2000లో జీ4 క్యూబ్ తెచ్చింది. ఫ్యాన్ లేదు, వేడిగాలి దానంతటదే పైకి పోయే పొగగొట్టం లాంటి అమరిక. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు, కొన్నవాళ్ళు తక్కువ. ఏడాదికే ఆగిపోయింది. 2013లో నల్లటి స్తంభంలాంటి మ్యాక్ ప్రో వచ్చింది. మధ్యలో త్రికోణాకారపు లోహం, మూడు ముఖాలకీ మూడు చిప్పులు, మీద ఒకే ఫ్యాన్. తర్వాత్తర్వాత ఒక్కొక్క చిప్పే ఎక్కువ వేడి పుట్టించడం మొదలయ్యాక ఆ త్రికోణం పనికిరాలేదు. వేడి విషయంలో తమని తామే ఒక మూలకి నెట్టుకున్నామని 2017లో ఆపిల్ పెద్దలే ఒప్పుకున్నారు. ఒకనాటి వేడికి సరిగ్గా అతికేలా కుట్టిన చొక్కా మర్నాటికి పట్టలేదు.

అభిమానులు ఇంకో దారి పట్టారు. ఇంటర్నెట్‌లో గీతలు గీసుకుంటూ, మిల్లీమీటర్ల మీద వాదించుకుంటూ, డబ్బులు పోగుచేసుకుని తమకి కావాల్సిన కేసులు తామే చేయించుకున్నారు. 2013లో ఎన్‌కేస్ ఎం1 అలా వచ్చింది. 2016లో జర్మనీ నుంచి డాన్ ఏ4-ఎస్ఎఫ్ఎక్స్ వచ్చింది. ఏడు లీటర్ల చిల్లర, పూర్తి పొడవు గ్రాఫిక్స్ కార్డు, కూలర్‌కి 48 మిల్లీమీటర్లు. గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై తమ వాటా తీసుకున్నాక ప్రాసెసర్‌కి మిగిలిన శేషం అది. ఆ తర్వాత కూలర్ కంపెనీలు ఆ శేషాన్నే కొలతగా పెట్టుకుని వస్తువులు చేశాయి. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 ఎత్తు 47 మిల్లీమీటర్లు, నాలుగు హీట్ పైపులు. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9 వరుస ఇంకా పొట్టి, 37 మిల్లీమీటర్లు, రెండు హీట్ పైపులు. నా ఎంపిక ఈ రెండింటి మధ్యకే వచ్చింది.

అంకెలు చెప్పే కథ

ఇక్కడ టీడీపీ గురించి చెప్పాలి. సైకిల్ గుర్తుతో దీనికి సంబంధం లేదు. ప్రాసెసర్ ఎన్ని వాట్ల వేడి పుట్టిస్తుందో చెప్పడానికి డబ్బా మీద రాసే అంకె. సాహిత్య విమర్శలో నమ్మదగని కథకుడు అంటామే, సరిగ్గా ఆ బాపతు. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ టీడీపీ 170 వాట్లు, కానీ సాకెట్ నుంచి 230 దాకా లాగడానికి దానికి అనుమతి ఉంది. పూర్తి పనిలో 95 డిగ్రీల దగ్గర నిలబడేలాగే దాన్ని రూపొందించారు. ఇంకోవైపు రైజెన్ 7 7800ఎక్స్3డీ టీడీపీ 120 అని ఉంటుంది గానీ, గేములాడేటప్పుడు చాలాసార్లు అందులో సగం దగ్గరే ఆగుతుంది. దాంట్లో 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ ఉంది. కావాల్సిన డేటా చేతికందే దూరంలో ఉంటే మాటిమాటికీ ర్యామ్ దాకా పరిగెత్తక్కర్లేదు. పరుగు తగ్గితే చెమటా తగ్గుతుంది. రాడ్ హోల్ట్, హైఫా ఇంజినీర్లు ఏ వైపు నిలబడ్డారో ఇదీ అటువైపే.

రెండో అంకె ఏ రివ్యూలోనూ మన కోసం రాయరు. రివ్యూలన్నీ 20, 22 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. కూలర్ వేడిని గాలికి ఇస్తుంది కాబట్టి ముఖ్యం ప్రాసెసర్ ఉష్ణోగ్రత కాదు, ప్రాసెసర్‌కీ గదికీ మధ్య తేడా. 7800ఎక్స్3డీ హద్దు 89 డిగ్రీలు. 22 డిగ్రీల గదిలో తేడా 67. మే నెలలో ఏసీ లేని హైదరాబాద్ గది 35 అనుకుంటే తేడా 54. ఐదోవంతు పోయింది. అక్కడ 80 వాట్లు మోసిన కూలర్ ఇక్కడ 64 మాత్రమే మోస్తుంది. అదే కూలర్, అదే చిప్పు, వేరే ఊరు.

మూడోది చప్పుడు. ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు వస్తుంది, కానీ అందుకయ్యే శక్తి ఎనిమిది రెట్లు. చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. చిన్న కూలర్‌కి చిన్న ఫ్యాన్, చిన్న ఫ్యాన్ ఎక్కువ తిరగాలి. మా రెండు గదుల ఇంట్లో రాత్రి పదకొండుకి గేము మొదలుపెట్టేవాడికి ఇది అన్నిటికంటే ముఖ్యమైన అంకె.

నాలుగో అంకె వీటన్నిటికీ విరుగుడు. చిప్పు వాడే శక్తి దాని వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం పది శాతం తగ్గిస్తే వోల్టేజీ కూడా ఆ మేరకు తగ్గించవచ్చు, అప్పుడు శక్తి పావు వంతు పైన తగ్గుతుంది. కంపెనీలు గ్రాఫుల్లో పక్కవాడిని దాటడానికి చివరి పది శాతం కోసం చిప్పుని పిండుతాయి. ఆ పది శాతం మనకి అక్కర్లేదనుకుంటే, బయోస్‌లో ఒక వరుస మారిస్తే చాలు.

అందుకే నా ఎంపిక తిరగేసి సాగింది. ముందు చిప్పు: గేములకి సరిపోతూ తక్కువ తాగే 7800ఎక్స్3డీ. తర్వాత హద్దు: బయోస్‌లో 65 వాట్ల ఎకో మోడ్. ఆ తర్వాతే కూలర్: 47 మిల్లీమీటర్లది. 37 కూడా బహుశా నెట్టుకొచ్చేది. కానీ అది మే నెలలో ఎక్కువ తిరగాలి, ఎక్కువ అరవాలి. ఆ 10 మిల్లీమీటర్లు, రెండు అదనపు గొట్టాలు నేను మా ఊరి ఎండకి కట్టిన పన్ను. దానికోసం పొట్టి ర్యామ్ చూసుకోవాల్సి వచ్చింది. ఫ్యాన్‌కీ జాలీ తలుపుకీ మధ్య మిగిలిన ఒక్క మిల్లీమీటర్ సన్నగా ఈల వేస్తుందేమో కూడా చూసుకోవాలి.

ఇంత చేశాక కూడా వేడి మాయమవదు. గ్రాఫిక్స్ కార్డుతో కలిపి ఈ చిన్న పెట్టె సుమారు 300 వాట్లు గదిలోకి వదులుతుంది. పాతకాలపు 100 వాట్ల బల్బులు మూడు వెలిగించి పెట్టినట్టు. ఏసీ వేస్తే అది గదిలోంచి బయటికి పోతుంది. మా ఏసీ బయటి యూనిట్ ముఖం పక్క బిల్డింగ్ వాళ్ళ వంటగది కిటికీ వైపు ఉంటుంది. ప్రాసెసర్ నుంచి రాగికి, రాగి నుంచి గదికి, గది నుంచి వాళ్ళ కిటికీకి. ఏ కూలర్ కొన్నా ఈ దారి మారదు. దారిలో నడిచే వేడి ఎంతన్నది మాత్రం బయోస్‌లో నేను రాసే అంకె చేతిలో కొంత ఉంది. ఆ అంకె 65 దగ్గరే ఉంచాను.